కొత్త సభ్యుణ్ణి, లేఖనాలు ఎలా చదవాలి, దేవాలయానికి ఎప్పుడు?

ఈ మధ్యే యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో (మోర్మన్ చర్చి అంటారు) బాప్తిస్మం తీసుకున్నాను. మా లేఖనాల్లో ఒకటైన మోర్మన్ గ్రంథంలో రెండవ నీఫై అనే భాగం దగ్గర ఆగిపోయాను, అందులో వచ్చే బైబిలు ప్రవక్త యెషయా మాటలు అస్సలు ఎక్కడం లేదు. మా సంఘం దేవాలయానికి వెళ్లే సంగతి తలుచుకుంటే ఇంకో టెన్షన్. ఎవరైనా చెప్పండి.

జవాబు 1: 12 నుంచి 24 అధ్యాయాలు చాలామందికి కష్టమేనండి, దాటేసి తర్వాత వెనక్కి రండి. రోజూ పది నిమిషాలు చదివి, తోచింది ఒక్క వాక్యం రాసుకుంటే చాలు.

జవాబు 2: ఎండోమెంట్‌కు (దేవాలయంలో దేవునితో నిబంధనలు చేసుకునే విధి) నిర్ధారణ (బాప్తిస్మం తర్వాత సభ్యుడిగా చేర్చుకునే విధి) అయ్యాక మామూలుగా కనీసం ఏడాది ఆగాలి, కానీ చనిపోయిన పూర్వీకుల తరఫున బాప్తిస్మాలకు బిషప్ (స్థానిక సంఘ నాయకుడు) ఇంటర్వ్యూ చేసి దేవాలయ ప్రవేశానికి సిఫారసు ఇస్తే ముందే వెళ్లొచ్చు. ఇంటర్వ్యూలో దశమభాగం (ఆదాయంలో పదోవంతు ఇవ్వడం), జ్ఞానవాక్యం (మద్యం, పొగాకు, టీ, కాఫీ వద్దనే ఆరోగ్య నియమం) లాంటివి అడుగుతారు. ఆ ప్రశ్నలు సంఘమే బయటపెట్టింది, ముందే చూసుకోండి.

జవాబు 3: బైబిల్లో నిర్గమకాండం 28, 29 కూడా చదవండి, యాజక వస్త్రాల సంగతి తెలిస్తే దేవాలయంలో అంత కొత్తగా అనిపించదు. దేవాలయానికి సిద్ధపాటు క్లాసు ఉందేమో బిషప్‌ను అడగండి.