మళ్ళీ తయారవుతున్న పాత మోడల్ రివాల్వర్లను నమ్మొచ్చా?

ఆరోరౌండ్:
ఎప్పట్నుంచో కోల్ట్ కంపెనీ రివాల్వర్ పైథాన్ మీద మనసు. 1955లో మొదలైన ఆ పాతది ఇప్పుడు దొరికినా కలెక్టర్ల రేటు, నా వల్ల కాదు. 2020లో కంపెనీ మళ్ళీ మొదలుపెట్టిందే (అప్పటి లిస్టు ధర 1,499 డాలర్లు), అది చూస్తున్నా. కానీ మొదట్లో వచ్చిన వాటి మీద వీడియోలు చూశాక టెన్షన్ పట్టుకుంది. ట్రిగ్గర్ లాగితే ఒక్కోసారి సిలిండర్ తిరగడం లేదట, హ్యామర్ కొట్టినా రౌండ్ పేలడం లేదట. రేంజ్‌కే కాదు, ఇంట్లో రక్షణకీ ఇదే ఉంచుకుందామని ఆలోచన. తీసుకోవచ్చా, ఆగాలా?

పాతతుప్పు:
పేరు అదే గానీ లోపల అది వేరే గన్ అనుకోండి. పాతవాటిలో భాగాలు చేత్తో ఆకురాయి పట్టి కూర్చేవాళ్ళు. వాటి గురించి దేవుడిచ్చిన వరంలా చెప్తారు గానీ, ఎక్కువ కాల్చితే వాటికీ టైమింగ్ (హ్యామర్ కదలికకి తగ్గట్టు సిలిండర్ సరిగ్గా తిరిగి లాక్ అవ్వడం) పోయేది, బాగుచేసే మనిషి కోసం తిరగాల్సి వచ్చేది. కొత్తదాని లోపలి డిజైనే మార్చారు. అందుకని పాతదాని మంచి పేరు చూసి కొనొద్దు, మొదటి బ్యాచ్ వీడియోలు చూసి మానొద్దు, మీ చేతిలోకి వచ్చేదాన్ని చూడండి. షాపులో అడిగి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, సిలిండర్‌ని వేలితో కొంచెం ఆపుతూ హ్యామర్ మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ నిలిచేసరికి సిలిండర్ టక్కున లాక్ అవ్వాలి. ఆరు గదులకీ అలా చూడాలి, ఒక్కటి తేడా వచ్చినా ఆ పీస్ వద్దు.

గన్‌పౌడర్‌గిరి:
నాది వేరే కంపెనీది, అదీ పాత పేరుతో మళ్ళీ వచ్చిందే. రెండో బాక్స్ కాలుస్తుండగా సిలిండర్ బిగుసుకుపోయింది, నేను కంపెనీని నానా తిట్లూ తిట్టాను. తీరా చూస్తే ఎక్స్‌ట్రాక్టర్ స్టార్ (ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే నక్షత్రం లాంటి భాగం) కింద కాలని పౌడర్ గింజలు రెండు మూడు ఇరుక్కుని ఉన్నాయి! టూత్ బ్రష్‌తో దులిపితే సరిపోయింది. అప్పట్నుంచి ఖాళీ కేసులు తీసేటప్పుడు బ్యారెల్ పైకెత్తే తీస్తున్నా. అయితే సైడ్ ప్లేట్ స్క్రూ వదులవడం మాత్రం నా తప్పు కాదు, దానికి వెనక్కి పంపాల్సి వచ్చింది.

ఆరోరౌండ్:
మరి పేలకపోవడం సంగతి?

పాతతుప్పు:
ముందు, పేలకపోతే వెంటనే తెరవకండి, బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. తర్వాత ప్రైమర్ (రౌండ్ వెనక దెబ్బ తగిలి నిప్పు పుట్టించే చిన్న మూత) మీద గుంట చూడండి. లోతుగా ఉంటే అనుమానం రౌండ్ మీద. పైపైన ఉంటే స్ప్రింగ్ దెబ్బ చాలడం లేదేమో. ట్రిగ్గర్ మెత్తగా ఉండాలని స్ప్రింగ్ తేలిక చేస్తే వచ్చే తంటా ఇదే. కానీ ఖాళీ కేసుల్లో మీరే మళ్ళీ మందు నింపి రీలోడ్ చేసినవైతే ప్రైమర్ పూర్తిగా దిగకపోయినా గుంట అలా పైపైనే పడుతుంది, అందుకే ఫ్యాక్టరీ రౌండ్లతో చూసి చెప్పండి.

డబుల్‌యాక్షన్:
ఇవన్నీ సరే అన్నా, అంత డబ్బు పోసి కొన్నాక పరీక్షలు మనం చేయడమేంటి? రేంజ్‌కైతే సర్దుకుపోవచ్చు. ఇంటి రక్షణకి అంటున్నారు కాబట్టి, మీరు లోడ్ చేసి ఉంచబోయే రౌండ్లే కనీసం 200, అన్నీ డబుల్ యాక్షన్‌లోనే (హ్యామర్ ముందుగా వెనక్కి లాగకుండా, ట్రిగ్గర్ ఒక్కటే లాగి), ఒక్కటీ తప్పకుండా పేలేదాకా నమ్మకండి. ఈలోపు ఉన్న పాత గన్ అమ్మకండి.

ఆరోరౌండ్:
అమ్మకానికి పెట్టేశాను అన్నా, ఇప్పుడే వెళ్ళి ఆ పోస్ట్ తీసేస్తున్నా.