"మమ్ము నెడయకవయ్య": 'నెడయక' అనే మాట ఉందా?

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి రాస్తున్నాను. సాయంత్రాలు మా వీధి పిల్లలకు అన్నమయ్య పాటలు నేర్పుతుంటాను. పోయిన వారం 'పొడగంటిమయ్య' మొదలుపెట్టి, అర్థం మీకు తోచినట్టు రాసుకుని రండి అన్నాను. పల్లవి ఇది: "పొడగంటిమయ్య మిమ్ము పురుషోత్తమా మమ్ము / నెడయకవయ్య కోనేటిరాయడా". ఎనిమిదో తరగతి పాప నోటుబుక్కులో ఇలా ఉంది: "నెడయకవయ్య అంటే మమ్మల్ని నడిపించకయ్యా అని. మా అవ్వకు మోకాళ్ళ నొప్పులు, అలిపిరి మెట్లు ఎక్కలేదు."

తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. పాటలో చెవికి వినబడేది 'నెడయక' అనే. నిఘంటువు తీసి 'నె' దగ్గర వెతికితే మాత్రం అది దొరకదు.

అసలు మాట 'ఎడయు'. విడిపోవడం, దూరం కావడం. ఎడబాటు, ఎడం, ఎడమెడంగా అంటామే, ఆ 'ఎడ'. 'మమ్మున్' పక్కన 'ఎడయక' చేరితే 'మమ్ము నెడయక' అయింది. మమ్మల్ని విడిచి దూరం కావద్దయ్యా కోనేటిరాయడా అని వేడుకోలు. పుష్కరిణి గట్టు మీద నిలబడి తలెత్తి చూసినవాళ్ళకు ఆ 'కోనేటిరాయడు' ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆ 'న'ను మనం ముందు మాటకు అతికించి 'మమ్మును' అని పాడుకోవచ్చు కదా, అర్థం తేలిగ్గా తెలిసేది అనిపిస్తుంది. అలా పాడితే ప్రాస పోతుంది. పల్లవి మొదటి పాదం 'పొడ'తో మొదలైంది, రెండో అక్షరం 'డ'. రెండో పాదానికీ రెండో అక్షరం 'డ' కావాలి. అందుకే 'మమ్ము' పై పాదం చివర వేలాడుతుంది, కింది పాదం 'నెడ' అని ఎత్తుకుంటుంది. మూడో చరణంలో ఇదింకా స్పష్టంగా తెలుస్తుంది. చెడనీక, లడచి, బడిబాయక, గడియించి. 'లడచి' ఎక్కడి మాట? 'రోగాలు అడచి'. రోగాలు అన్న మాటనే రెండు ముక్కలు చేసి, 'రోగా' పైన వదిలేసి, 'లడచి' దగ్గర కొత్త పాదం మొదలుపెట్టాడు మహానుభావుడు.

నాకు ప్రాస మీద ఇంత పట్టింపు ఎందుకంటే, అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల మీద పాటకు రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. 1408లో పుట్టిన ఆయన ఏ బాణీలో పాడుకున్నాడో మనకు అందలేదు. మనం వింటున్నవన్నీ తర్వాతి వాళ్ళు కట్టినవే. ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో, పాదం ఎక్కడ ఎత్తుకున్నాడో చెప్పే ఆనవాలు ఆ ప్రాస అక్షరమే.

1997లో వచ్చిన 'అన్నమయ్య' సినిమా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. రాఘవేంద్రరావు గారి దర్శకత్వం, కీరవాణి గారి సంగీతం. ఆ సంగీతానికి ఆయనకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. మా పిల్లల అమ్మానాన్నలు ఈ పాటను నేర్చుకున్నది ఏ గురువు దగ్గరా కాదు, ఆ క్యాసెట్ దగ్గరే. సినిమా వాళ్ళు కీర్తనలను ముట్టుకోకూడదని మొహం చిట్లించే పెద్దలను నేను చూశాను. వాళ్ళతో నేను ఏకీభవించను. ఆ పాట ఇంటింటికీ వెళ్ళకపోతే ఆ పాప నోటుబుక్కులో ప్రశ్న పుట్టేదే కాదు. ఈసారి ఆ పాట పెట్టుకుని, 'మమ్ము' దాకా ఒకటి, 'నెడ' నుంచి ఇంకొకటి అని వేళ్ళ మీద లెక్కపెడుతూ వినండి.

ఒక సభ్యుడు: అక్కా, 'పొడ' అంటే ఒంటి మీద వచ్చే పొడలేనా?

జవాబు: ఆ మాటా ఉంది తమ్ముడూ, కానీ ఇక్కడ పొడ అంటే రూపం, కంటికి కనబడడం. 'వాడి పొడ నాకు గిట్టదు' అంటాం కదా, 'పొడచూపింది' అంటాం. పొడగనడం అంటే కంటితో చూడగలగడం. తిట్టులో మిగిలిపోయిన మాట ఆయన పాటలో దర్శనం అయింది.

ఇంకొకరు: రెండో చరణంలో మా పుస్తకంలో 'కామించి కోరికలిచ్చే' అని ఉందండి. కొందరు 'కావించి' అంటున్నారు. ఏది సరి?

జవాబు: సార్, మళ్ళీ ప్రాసనే అడుగుదాం. భావింప, చేవదేర, తావై. మూడింటిలోనూ 'వ' ఉంది. నాలుగోది ఒక్కటే 'మ' ఎందుకవుతుంది? నేను 'కావించి' అనే నేర్పుతున్నాను. కోరికలు తీర్చేవాడు కామించడం అర్థానికీ పొసగదు.

మరొకరు: అమ్మా, చివర 'మమ్ము గడియించినట్టి' అంటే గడియ వేసి కాపాడినవాడనా?

జవాబు: గడియ కాదు నాయనా. గడియించడం అంటే గడించడం, సంపాదించుకోవడం. డబ్బు గడించాడు, పేరు గడించాడు అంటామే, అది. ఎవరు ఎవరిని గడించారో చూడు. భక్తుడు దేవుణ్ణి సంపాదించుకున్నాడని రాయలేదు. శ్రీవేంకటనాథుడే మమ్మల్ని సంపాదించుకున్నాడు అంటున్నాడు. పల్లవిలో 'విడిచిపోవద్దు' అని అడిగినవాడు, చివరికి వచ్చేసరికి 'నీ సంపాదన మేము' అంటున్నాడు. కష్టపడి గడించుకున్నదాన్ని ఎవరైనా వదులుకుంటారా? ఇది పిల్లలకు చెబుతుంటే నాకు గొంతు పట్టేసింది.

పోతే, నాదొక మనవి. అదే చరణంలో 'బడిబాయక తిరిగే ప్రాణబంధుడా' అని ఉంది. బడి అంటే ఇస్కూలు కాదు, వెంట. 'వెంబడి'లో ఉన్న బడి. తాళ్ళపాక, రాజంపేట వైపు వాళ్ళు గానీ మా చిత్తూరు పల్లెల వాళ్ళు గానీ ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఒంటరిగా 'బడి' అనే మాటను ఆ అర్థంలో విని ఉంటే, వాళ్ళన్న వాక్యం ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. శనివారం పిల్లలకు ఆ లైన్ చెప్పాలి.