‘తోర్మెంతోనే’ను ‘జోరీగ పాట’ అనవచ్చునా?

ఒక్క వేసవి పాటు ఊరూవాడా మోగి, ఆ తరువాత సద్దుమణిగే పాటను ఇటలీలో ‘తోర్మెంతోనే’ అంటారు. దీనికి ‘వేసవి పాట’ అన్న అనువాదం బాగానే వినిపిస్తుంది గానీ, అందులో ఋతువు తప్ప మూలపదంలోని విసుగు రాలేదని నా అభ్యంతరం. ‘తోర్మెంతో’ అంటే యాతన. చివరి ‘ఓనే’ పెద్దదనాన్ని తెలిపే ప్రత్యయం. ‘మినెస్త్ర’ అనే సూపు కూరగాయలతో చిక్కబడి ‘మినెస్త్రోనే’ అయినట్టే, యాతన ముదిరి తోర్మెంతోనే అయింది. తెలుగులో ‘పెనుగాలి’, ‘పెనుభూతం’ అన్నట్టు పెద్దదనాన్ని మాటకు ముందు చేరుస్తాము.

ఈ మాట పాటలకే పరిమితం కాదు. హాస్యనటుడు రంగస్థలం మీద పదేపదే పలికే మాటను కూడా ఇలాగే పిలుస్తారు కనుక, మన ఊతపదానికి ఇది దగ్గరి చుట్టమే. తిరిగి తిరిగి వినబడటమే దీని ప్రాణం. ఆగస్టులో ఇటలీ జనం సముద్రతీరాలకు తరలిపోతారు. అక్కడి బార్లలో నాణెం వేస్తే పాట వినిపించే జ్యూక్‌బాక్సులు ఉండేవి. 1964లో వితోరియో సాల్వెత్తి ప్రారంభించిన ‘ఫెస్తివల్‌బార్’ పోటీలో, తొలినాళ్ళలో, ఆ పెట్టెల్లో ఏ పాట ఎన్నిసార్లు మోగిందన్న లెక్కే విజేతను తేల్చేది.

అన్నిసార్లు విన్న పాటను జనం అర్థం చేసుకున్నారా అంటే, అదీ అనుమానమే. 1983లో తురీనోకు చెందిన రిగేయిరా జంట స్పానిష్‌లో పాడిన ‘వామోస్ ఆ లా ప్లాయా’ పల్లవికి ‘బీచికి పోదాం’ అని మాత్రమే అర్థం; చరణాలలో మాత్రం బాంబు పేలుతుంది, రేడియోధార్మిక గాలికి జుట్టు చెదురుతుంది. పల్లవి హోరులో ఆ చరణాలు చాలామంది చెవికెక్కలేదు.

ఇక తెలుగు మాట. చెప్పులోని రాయి, కంటిలోని నలుసు, కాలి ముల్లుల సరసన వేమన ‘చెవిలోన జోరీగ’ను కూర్చోబెట్టాడు, అన్నీ చిన్నవే, వదలకపోవడమే వాటి బాధ. ఆ పద్యంలోనే ఉన్న ‘పోరు’ను తీసుకొని ‘పెనుపోరు’ అందామా అంటే, నేటి పాఠకుడికి యుద్ధవార్త స్ఫురిస్తుంది. అందుకే ‘జోరీగ పాట’ వైపు మొగ్గుతున్నాను. అయితే జోరీగను ఎవరూ పిలిచి చెవిలో పెట్టుకోరు; నాణెం వేసి మరీ మోగించుకున్నవారి పాటకు ఆ పేరు పూర్తిగా అతుకుతుందా అన్న సందేహం మాత్రం నాకు మిగిలే ఉంది.