టెక్సాస్ స్కూల్లో బైబిల్ పాఠం నుంచి పిల్లాడికి మినహాయింపు ఎలా తెచ్చుకోవాలి?

డాలస్ దగ్గర ఉంటాం, బాబు కిండర్‌గార్టెన్. 2024 నవంబరులో స్టేట్ ఎడ్యుకేషన్ బోర్డు ఆమోదించిన బ్లూబానెట్ పాఠాలే (బైబిల్ కథలు కలిపి రాష్ట్రం తయారుచేసిన రీడింగ్ పాఠాలు) వాడి స్కూల్లో చెబుతున్నారు. ఇవి స్కూల్ డిస్ట్రిక్టులకు తప్పనిసరి కాదు, కానీ తీసుకున్నవాటికి విద్యార్థికి 60 డాలర్ల వరకు అదనంగా వస్తుంది.

మేం గుంటూరు వైపు లూథరన్ క్రైస్తవులం. యేసు కొండమీద ప్రసంగం ఇంట్లో మేమే చెప్తాం, సర్కారు పాఠంగా వద్దు. మొన్న సాయంత్రం వాడు బ్యాగ్ కింద పెట్టకుండానే "పక్కింటి అన్నయ్య వాళ్లు యేసయ్యను నమ్మరు కదా, మరి ఈ రూల్ వాళ్లకి లేదా?" అని అడిగాడు. ఇతరులు మనకు ఎలా చేయాలనుకుంటామో మనమూ వాళ్లకి అలాగే చేయాలనే యేసు మాట, 'గోల్డెన్ రూల్', గురించి వాడు అన్నది. నాకు చాలా బాధేసింది.

సెప్టెంబరు 8న టీచర్‌కి మెయిల్ పెట్టాను, జవాబు లేదు. 22న టెక్సాస్ ఎడ్యుకేషన్ కోడ్ 26.010 చూపిస్తూ ప్రిన్సిపాల్‌కి సంతకంతో లెటర్ ఇచ్చాను. ఆ సెక్షన్ ప్రకారం మత, నైతిక నమ్మకాలకు విరుద్ధమైన పాఠం నుంచి పిల్లల్ని తాత్కాలికంగా తప్పించవచ్చు (పరీక్ష ఎగ్గొట్టడానికి, సెమిస్టర్ మొత్తానికి మాత్రం కుదరదు). "ఇది రీడింగ్ పాఠంలో కలిసిపోయింది, విడదీయలేం" అని ప్రిన్సిపాల్ అన్నారు. బైబిల్ పాఠం ఉండే తేదీలు ముందే చెప్పమన్నా చెప్పలేదు. లింగ గుర్తింపు కథల పుస్తకాల విషయంలో మేరీలాండ్ తల్లిదండ్రులకు 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి హక్కే ఇచ్చింది. మా చర్చిలో ఆ తీర్పుకు సంతోషించినవాళ్లే నన్ను మాత్రం ఊరుకోమంటున్నారు, అది నాకు న్యాయం అనిపించడం లేదు.

26.010 కింద నిజంగా మినహాయింపు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, లెటర్‌లో ఏ పాఠమో, ఏ రోజులో ఎలా రాశారో చెప్తారా?