ఫ్రెంచ్ పాలినేషియా దీవులకు విలాస నౌకాయానం: పెద్ద ఓడా, చిన్న ఓడా?

ప్రశ్న (సాగరిక)

అందరికీ నమస్కారం. పెళ్లయి పాతికేళ్లు నిండుతున్న సందర్భంగా నేనూ మావారూ దక్షిణ పసిఫిక్‌లోని తాహితీ, మూరియా, బోరాబోరా దీవులను ఓడలో చూసి రావాలనుకుంటున్నాం. రెండు వేల మంది దాకా ఎక్కే పెద్ద క్రూయిజ్ నౌకలో విశాలమైన సూట్ ఒకటి, మూడు వందల పైచిలుకు మందికే చోటున్న చిన్న విలాస నౌకలో కాస్త ఇరుకైన గది ఒకటి మా పరిశీలనలో ఉన్నాయి. ఖర్చు దాదాపు సమానమే. ఓడ ఊగితే మావారికి కడుపులో తిప్పుతుంది కనుక పెద్దదే మేలని ఆయన అంటున్నారు. నాకేమో దీవుల్లో వీలైనంత ఎక్కువసేపు గడపాలని ఉంది. ఏది ఎంచుకోవాలో, ఏ నెలలో వెళ్లాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (పగడపు తీరం)

సాగరిక గారూ, గది ఎంత పెద్దదన్నది తరవాత చూడవచ్చు. ముందు ఆ ఓడ ఏ దీవి దగ్గర ఎన్ని గంటలు ఆగుతుందో చూడండి. ఆ దీవుల్లో మీరు డబ్బు పెట్టి కొనుక్కునేది ఆ గంటలనే.

బోరాబోరా చుట్టూ పగడపు దిబ్బ కోటగోడలా ఉంటుంది. ఓడలు లోపలికి రావడానికి పడమటి వైపు తెయవనుయి అనే ఒక్క దారే ఉంది. దాన్ని దాటేటప్పుడు తప్పకుండా డెక్ మీద నిలబడండి: రెండు పక్కలా దిబ్బ మీద అలలు తెల్లగా విరుగుతుంటాయి, ఓడ కింద ముదురు నీలం చూస్తుండగానే లేత పచ్చలోకి మారుతుంది, ఎదురుగా 727 మీటర్ల ఒతెమను శిఖరం నిటారుగా లేస్తుంది. లోపలికి వచ్చాక ఓడ లంగరు వేసుకుంటుంది, ప్రయాణికులను చిన్న పడవల్లో వైతాపే ఊరికి చేరవేస్తారు. పెద్ద ఓడలో తేడా తెలిసేది ఇక్కడే. వందల మంది ఒకేసారి దిగాలనుకున్నప్పుడు, మన వంతు నంబరు పిలిచేదాకా చీటీ చేతబట్టుకుని హాల్లో కూర్చోవాలి; ఎంత ఖరీదైన సూట్ తీసుకున్నా తీరం మీది రద్దీ మాత్రం తగ్గదు. పైగా బోరాబోరాకు ఓడల్లో వచ్చేవారిని రోజుకు 1,200 మందికి పరిమితం చేస్తూ 2022లో నిబంధన తెచ్చారు. అందువల్ల పెద్ద ఓడ ఎంచుకుంటే, అక్కడ ఆగడం ఖాయమేనా అని కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

1998 నుంచి ఆ జలాల్లోనే తిరుగుతున్న పాల్ గోగాన్ నౌక లోతు తక్కువ నీళ్లకు తగినట్టు కట్టినది. దాని వెనక భాగంలో నీటి మట్టానికి తెరుచుకునే వేదిక ఉంది. అక్కడినుంచే కయాక్ అనే చిన్న తెడ్డు పడవ ఎక్కి, దిబ్బకూ దీవికీ మధ్య నిశ్చలంగా ఉండే లగూన్‌లోకి వెళ్లిపోవచ్చు. నా ఓటు అలాంటి ఓడకే.

జవాబు (తెరచాప)

పై మాటతో ఏకీభవిస్తూనే, మీవారి భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దంటాను. బహిరంగ సముద్రంలో చిన్న ఓడ ఎక్కువగా ఊగుతుందన్నది నిజమే. అయితే మీరు చెప్పిన దీవులున్న సముదాయం, అంటే సొసైటీ దీవులు, దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక ప్రయాణం చాలావరకు రాత్రిపూట, నిద్రలోనే గడిచిపోతుంది. పగలు దిబ్బ లోపలి నీటిలోనో, మూరియాలోని లోతైన అఖాతాల్లోనో ఓడ నిలకడగా ఉంటుంది. అదే సముదాయంలోని రయాతేయా, తహా దీవులైతే ఒకే లగూన్‌లో ఉన్నాయి. కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలో గది అడగండి. ఊపు అక్కడే అతి తక్కువ. మార్కెసస్ దీవుల యాత్ర మాత్రం ఈసారికి వద్దు. అవి తాహితీకి సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, వాటి చుట్టూ అలలను ఆపే దిబ్బలూ లేవు.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు, ఉక్క. తుపాన్లు తరచుగా రావు కానీ, 1982-83లో పసిఫిక్ జలాలు మామూలుకంటే వేడెక్కిన ఎల్ నీనో కాలంలో ఒకదాని వెనక ఒకటిగా వచ్చి ఆ దీవులను అతలాకుతలం చేశాయి. మే నుంచి అక్టోబరు వరకు పొడి కాలం. అందులోనూ జూన్ నుంచి ఆగస్టు దాకా మారాము అనే ఆగ్నేయపు గాలి గట్టిగా వీచి సముద్రాన్ని రేపుతుంది కాబట్టి, మీవారి దృష్ట్యా సెప్టెంబరు, అక్టోబరు మంచివి. అంటార్కిటిక్ జలాలనుంచి వచ్చే హంప్‌బ్యాక్ తిమింగలాలు అప్పటికి మూరియా పరిసరాల్లో పిల్లలతో ఉంటాయి.

జవాబు (దూరతీరాలు)

సాయంత్రాలు పెద్ద రంగస్థల ప్రదర్శనలు, రోజుకో కొత్త రెస్టారెంటు కావాలనుకునేవారికి చిన్న ఓడ వెలితిగా అనిపిస్తుంది. మీ ఇద్దరూ ఈ విషయం ముందే మాట్లాడుకోండి.

ధరలు పోల్చేటప్పుడు పానీయాలు, సిబ్బంది టిప్పులు కలిపారో లేదో చూడండి. విలాస నౌకల్లో ఇవి సాధారణంగా కలిసే ఉంటాయి, తీరంలోని విహారాలకు మాత్రం చాలాచోట్ల విడిగా చెల్లించాలి. బోరాబోరాలో రాత్రి కూడా ఆగే యాత్ర దొరికితే అదే తీసుకోండి. రయాతేయాలో 2017లో యునెస్కో గుర్తించిన తపుతపుఆతేయా మరయె (రాతితో కట్టిన ప్రాచీన ఆరాధనా స్థలం) ప్రాంగణాన్ని వదలకండి. పాలినేషియా నావికులకు అది పుణ్యస్థలం, గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటిపై ఈదే స్నార్కెలింగ్ హడావిడిలో చాలామంది దాన్ని చూడకుండానే వచ్చేస్తారు. బీమాలో అత్యవసర వైద్య తరలింపు ఉండి తీరాలి. ఓడ బయల్దేరడానికి కనీసం ఒకరోజు ముందే తాహితీలోని రాజధాని పపీతె చేరుకోండి. ఆ దీవులు ఫ్రాన్స్‌వే అయినా ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల షెంగెన్ ప్రాంతంలో భాగం కావు. వీసా అవసరమైనవారు ఫ్రెంచ్ పాలినేషియాకు చెల్లుతుందని స్పష్టంగా రాసి ఉన్న వీసానే తీసుకోవాలి.

జవాబు (సాగరిక)

అందరికీ ధన్యవాదాలు. అక్టోబరులో చిన్న ఓడ, కింది అంతస్తులో నడిమి గది అంటే మావారు ఒప్పుకున్నారు. బోరాబోరాలో రాత్రి ఆగుతుందో లేదో కంపెనీకి రాసి అడుగుతున్నాం.