మెంబర్లు చేరుతున్నారు, ఏడాది తిరిగేలోపే మానేస్తున్నారు, ఏం చేయాలి?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న టౌన్, ఇక్కడ లయన్స్, రోటరీ లాంటి సర్వీస్ క్లబ్ ఒకటుంది, పేరు చెప్పడం బాగోదు. జులై 1 నుంచి నేను సెక్రటరీని. పోయినేడు కొత్త కమిటీ ప్రమాణ స్వీకారం రోజు పదకొండు మంది కొత్తవాళ్లని స్టేజీ మీదకి పిలిచి క్లబ్ గుర్తున్న పిన్ను పెట్టి శాలువా కప్పాం, పేపర్లో ఫోటోలు కూడా వచ్చాయి, ఇప్పుడు చూస్తే వాళ్లలో మీటింగుకి వచ్చేది ఇద్దరే. మిగతావాళ్లు ఫోనెత్తరు, ఎత్తినా ఈ వారం కుదరదండీ అంటారు. లిస్టులో మాత్రం 34 మంది ఉన్నాం, వాళ్లలో కొంతమంది డ్యూస్, అంటే సభ్యత్వ రుసుము, పాత ప్రెసిడెంటు గారే జేబులోంచి కట్టేశారని పుస్తకాలు చూస్తుంటే తెలిసింది. మళ్లీ కొత్తవాళ్లని చేర్చమని పైనుంచి టార్గెట్. చేర్చడం కష్టం కాదండీ, ఎవర్ని అడిగినా మొహమాటానికి చేరతారు, నిలబడటమే లేదు. నాకు ఈ క్లబ్ అంటే ప్రాణం, మా నాన్నకి శుక్లాల ఆపరేషన్ ఇలాంటి క్లబ్ పెట్టిన క్యాంపులోనే అయింది. మీ ఊళ్లలో ఎలా చేస్తున్నారో చెప్పండి.

కృష్ణా తీరం:
సెక్రటరీ గారూ, ఇరవై ఏళ్లకి పైగా క్లబ్బులో ఉన్నవాణ్ని, ఒక్క మాట అడుగుతా, ఆ పదకొండు మందికి శాలువా కప్పిన తర్వాత మొదటి నెలలో ఏం పని అప్పజెప్పారు? మా దగ్గర ఒక మొబైల్ షాపు కుర్రాడు చేరాడు, మూడు నెలలు వెనక వరసలో కూర్చుని పాత మీటింగుల మినిట్స్ చదువుతుంటే విన్నాడు, నాలుగో నెల నుంచి రాలేదు. షాపుకెళ్లి అడిగితే "నన్ను ఏం చేయమంటారో ఎవరూ చెప్పలేదు సార్" అన్నాడు, ఆ మాట నాకు గట్టిగా తగిలింది. తర్వాతి కంటి క్యాంపుకి రమ్మన్నా, ఏ కంటికి ఆపరేషనో తెలిసేలా నుదుటి మీద ఆ కంటి పైన ప్లాస్టర్ ముక్క అంటించి పేరు, ఊరు రాసే పని ఇచ్చా. మర్నాడు ఆపరేషన్లు అయ్యి, ఆ తర్వాతి రోజు సాయంత్రం బస్సు తిరిగొచ్చేసరికి ఏడు దాటింది, ముగ్గురు ముసలివాళ్లని తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చుక్కల మందు కవరు చేత్తో పట్టుకుని స్టాండులో అలా నిలబడి ఉన్నారు. కుర్రాడు వాళ్లని తన కారులో ఇళ్ల దగ్గర దింపొచ్చాడు, ఆ తర్వాతి క్యాంపు నుంచి పేరు రాసేటప్పుడే ఇంటివాళ్ల నంబరు తీసుకోవడం, బస్సు బయల్దేరగానే అందరికీ ఫోన్ చేయడం తనే మొదలుపెట్టాడు, ఎవరూ చెప్పలేదు. ఆరేళ్లయింది, ఇప్పటికీ ఆ పని అతనిదే, అతను లేకపోతే మాకు క్యాంపు చేతకాదు. మనిషి పిన్నుతో నిలబడడండీ, నేను వెళ్లకపోతే ఈ పని ఆగిపోద్ది అనిపించాలి.

ఇందూరు అక్క:
మాది నిజామాబాద్ దిక్కు. పెద్దాయన చెప్పింది నిజమే గానీ ఇంకోటి గూడ చూడాలె. మీటింగు రాత్రి ఎనిమిదిన్నరకు హోటల్ల పెట్టి పదిన్నర దాంక నడిపిస్తే పిల్లలున్న ఆడోళ్లు ఎట్ల వస్తరు? లయన్స్ వాళ్లు 1987ల, రోటరీ వాళ్లు 1989ల ఆడోళ్లను చేర్చుకునుడు షురూ చేసిన్రు, రూల్ మారి ఇన్నేండ్లయినా మా క్లబ్బుల మొన్నమొన్నటి దాంక ఇద్దరమే ఉంటిమి. కొట్లాడి కొట్లాడి మీటింగు ఆదివారం పొద్దుగాల ఏడున్నరకు, గవర్నమెంట్ బడిల పెట్టించిన, చాయ్, ఉప్మా, గంటల అయిపోవాలె. హోటల్ బిల్లు పోయింది కదా, ఆ బడి టీచరమ్మలే ఇద్దరు చేరిన్రు, ఇంతకుముందు రమ్మంటే అంత ఖర్చు మాతోని కాదు అన్నోళ్లే. పైసల సంగతి మొహం మీద చెప్పరు అన్నా, టైం లేదంటరు, మనమే అర్థం చేసుకోవాలె.

విశాఖ వాసి:
రోటరీలో 2016 నుంచి ఎలా కలవాలి, హాజరు ఎలా చూడాలి అన్నది చాలావరకు క్లబ్బులకే వదిలేశారు, నెలకి కనీసం రెండుసార్లు కలిస్తే చాలు, కాబట్టి అక్కగారు చెప్పినట్టు మార్చుకోవడానికి రూల్ అడ్డం రాదు, మీది వేరే సంస్థయితే మీ బైలాస్ (క్లబ్ నియమావళి) ఒకసారి చూసుకోండి. 2021-22లో మన కలకత్తా ఆయన శేఖర్ మెహతా గారు రోటరీ ఇంటర్నేషనల్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు ఒక్కొక్కరు ఒక్కరిని తీసుకురండి అని పిలుపిచ్చారు, మంచిదే, నేనూ ఒకర్ని తెచ్చా, కానీ తెచ్చినవాడి బాధ్యత తెచ్చినాయన ఏడాదంతా చూసుకోవాలి, మీటింగుకి తన బండి మీద ఎక్కించుకు రావాలి. నేను చేరింది పల్స్ పోలియో రోజుల్లో, మొదటి ఆదివారమే బూత్ దగ్గర కూర్చోబెట్టి పిల్లల ఎడమ చిటికెన వేలికి మార్కర్ గుర్తు పెట్టమన్నారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో, 2014 మార్చిలో పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది, ఆ వార్త చదివిన రోజు నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, అందులో నా ఆదివారాలు కూడా ఉన్నాయి కదా. ఇక ఆ 34 సంగతి, రానివాళ్ల డ్యూస్ ఇంకొకరు కట్టడం ఆపేయండి, ఒక్కొక్కరి ఇంటికెళ్లి ఉంటారా లేదా అని మర్యాదగా అడగండి, పద్దెనిమిది మందే మిగిలినా పర్లేదు, పైవాళ్లకి ఆ నిజమే చెప్పండి.

గోదారి గట్టు:
అందరికీ చాలా థ్యాంక్సండీ, రాత్రి రెండుసార్లు చదివా. కృష్ణా తీరం గారూ, మీ ప్రశ్నకి జవాబు, ఏ పనీ అప్పజెప్పలేదు, పనులన్నీ పెద్దవాళ్లమే పంచుకున్నాం. ఇవాళ పొద్దున్నే ముగ్గురి దగ్గరకి స్వయంగా వెళ్లా. ఒకాయన ఇక రాలేనన్నారు, ఒకాయన ఊళ్లో లేరు. మూడో ఆయనకి స్కూలు బస్సులున్నాయి, వచ్చే నెల క్యాంపుకి పేషెంట్లని హాస్పిటల్‌కి తీసుకెళ్లి తీసుకొచ్చే పని మీరు చూస్తారా అని అడిగా. "సంవత్సరం నుంచీ నా బస్సులు ఆదివారం ఖాళీగానే ఉంటున్నాయి, ఇప్పుడా అడగడం" అని, ఏయే ఊళ్ల నుంచి ఎంతమందో రాసివ్వమన్నారు.