టీవీలో పాత కార్లను ధ్వంసం చేయడం: మన బాధలో న్యాయం ఎంత?

హనుమకొండ మార్క్‌-2 (ప్రశ్న)

మిత్రులందరికీ నమస్కారం. ఈ మధ్య ఒక తెలుగు వినోద కార్యక్రమంలో, పందెంలో ఓడిన జట్టుకు శిక్ష అన్న పేరుతో, ఒక అంబాసిడర్‌ను జేసీబీతో నలగ్గొట్టి చూపించారు. దగ్గరి గళ్ల గ్రిల్‌ను బట్టి అది మార్క్‌-2 రకమని, అంటే 1960లలోనో 1970ల మొదటి సగంలోనో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి అని తెలుస్తూనే ఉంది. పైకప్పు కుంగినప్పుడు స్టూడియోలో కూర్చున్నవారు చప్పట్లు కొట్టారు. అదే రకం బండిని ఇంట్లో పెట్టుకుని, దాని తలుపు బీడింగ్ (అంచుకు వేసే రబ్బరు పట్టీ) కోసం హైదరాబాద్ దాకా తిరుగుతున్న నాకు అది వినోదంగా అనిపించలేదు.

బండి యజమాని ఇష్టపడి అమ్ముకున్నప్పుడు అభ్యంతరం చెప్పే హక్కు మనకు ఉందా? ఇలాంటి వాటికి నిజంగా మంచి బండినే వాడతారా, లేక అప్పటికే పాడైనదానికి రంగు వేసి తెస్తారా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

ఆటోనగర్ డెంటర్

తమ్ముడూ, వరంగల్‌లో చాలా కాలంగా డెంటింగ్ పని చేస్తున్నాను కాబట్టి నీ రెండో ప్రశ్నకే జవాబు చెబుతాను. షూటింగులకు పోయే బండి సాధారణంగా నడిచే బండి కాదు. ఫిట్‌నెస్ అయిపోయి, ఆర్‌సీ ఎవరి పేరున ఉందో తెలియక, ఏదో చెట్టు కింద ఏళ్ల తరబడి నిలబడి ఫ్లోరు తుప్పు తిన్న బండిని తుక్కు ధరకు కాస్త ఎక్కువ ఇచ్చి తీసుకుపోతారు. అమ్మేవాడు ఇంజను, గేర్‌బాక్సు, రేడియేటరు, మీటర్లు, బంపర్లు, పనికొచ్చే అద్దాలు ముందే విప్పుకుంటాడు. మంటలు అంటుకోకుండా పెట్రోలు ట్యాంకును, బ్యాటరీని వాళ్లే తీసేస్తారు. బండి పల్టీ కొట్టాలంటే లోపల ఇనుప పైపులతో పంజరం వెల్డింగ్ చేసి, ఒక పక్క చక్రాలు మాత్రమే ఎక్కేలా ర్యాంపు పెడతారు. తెర మీద తళతళలాడేది చాలాసార్లు పుట్టీ మీద కొట్టిన ఒక పూత రంగు మాత్రమే.

అయితే "ఇంజను తీసుకున్నాం కదా, మిగిలింది ఉత్త డొక్కే కదా" అని సర్దిచెప్పేవారి మాటను నేను ఒప్పుకోను. జీపుకు ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా చాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) ఉండదు, దాని బాడీయే దాని చాసిస్. 1489 సీసీ ఇంజను ఎన్నో లక్షల బండ్లకు వేసినదే కాబట్టి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, దొరకకపోతే 1990లలో వచ్చిన ఇసుజు ఇంజను పెట్టుకుని తిప్పుకునేవారూ ఉన్నారు (మా దగ్గరికి వచ్చే పెద్దమనుషులు కొందరు ఆ మాట వింటేనే ముఖం తిప్పుకుంటారు, అది వేరే సంగతి). కానీ జేసీబీ దెబ్బకు పిల్లర్లు (పైకప్పును మోసే నిలువు కమ్మీలు) వంగి, సిల్‌లు (తలుపుల కింది గడపలు) చీలిన తర్వాత తలుపులు మళ్లీ సరిగ్గా మూసుకునేలా ఆ కొలతలు తేవడం దాదాపు అయ్యే పని కాదు. తుప్పు ఫ్లోరుకే పరిమితమై, పైకప్పు, తలుపులు, డిక్కీ మూత బాగున్న బాడీ నుంచి ఇంకో రెండు బండ్లు బతుకుతాయి. టీవీ వాళ్లు నలగ్గొట్టేది సరిగ్గా ఆ భాగాన్నే, ఎందుకంటే కెమెరాకు కనిపించేది అదే.

కరీంనగర్ వకీలు

హక్కు సంగతి నేను చెబుతాను. సొంత బండిని యజమాని పగలగొట్టుకోవడం నేరం కాదు. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వాహనం ధ్వంసమైనా, ఇక శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయినా, ఆ సంగతిని 14 రోజుల్లోగా లేదా వీలైనంత త్వరగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆర్‌సీని అప్పగించాలి. చట్టం అడిగేది అంతే, మన మనోభావాల ప్రస్తావన అందులో లేదు.

అసలు టీవీ మీద ఇంత కోపం దేనికో నాకు అర్థం కాదు. అమెరికాలో 1979 నుంచి 1985 వరకు నడిచిన "ది డ్యూక్స్ ఆఫ్ హజార్డ్" ధారావాహిక కోసం సుమారు 300 డాడ్జ్ చార్జర్ కార్లను వాడి పాడుచేశారని చెబుతారు. ఎగిరి దూకిన కారు బాడీ వంగిపోయి మరో దూకుడుకు పనికొచ్చేది కాదు. చివరికి కార్లు దొరకడం కష్టమై బొమ్మ నమూనాలతో చిత్రీకరించుకున్నారు. అది పెద్ద నష్టమే. కానీ అదే దేశంలో 2009లో, పాత కారు ఇస్తే కొత్త కారుకు రాయితీ అన్న ప్రభుత్వ పథకం కింద ఆరున్నర లక్షలకు పైగా కార్లు తుక్కయ్యాయి. వాటి ఇంజన్లు మళ్లీ ఎవరికీ పనికిరాకుండా, నూనె తీసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి నడిపి బిగుసుకుపోయేలా చేశారు. దానికి చప్పట్లూ లేవు, కన్నీళ్లూ లేవు.

మన దగ్గర 2021 నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని బండికే వింటేజ్ గుర్తింపు ఉంది. 20,000 రూపాయలు కట్టి రాష్ట్రం అక్షరాల పక్కన "వీఏ" ఉన్న నంబరు తీసుకోవచ్చు, అది పదేళ్లు చెల్లుతుంది. 15 ఏళ్లు దాటిన బండి మాత్రం రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం రుసుములు కట్టుకుంటూ తిరగాలి. అంటే 1985 నాటి ప్రీమియర్ పద్మిని కారు ఆ గౌరవం పొందాలంటే ఇంకా 2035 దాకా ప్రాణం నిలుపుకోవాలి. బండ్లు తుక్కుకు పోయేది ఆ మధ్య వయసులోనే. మీ కోపాన్ని అక్కడ ఖర్చు పెట్టండి.

మంచిర్యాల పద్మిని

వకీలు సాబ్ చెప్పిన లెక్క సరైనదే, కానీ ఆ మధ్య వయసులో బండిని తుక్కుకు పంపాలా, షెడ్డులో ఉంచాలా అని యజమాని తేల్చుకునేది దాని మీద లోకానికి ఉన్న అభిప్రాయాన్ని బట్టే కదా. బీబీసీ వారి కార్ల కార్యక్రమం "టాప్ గేర్"లో మోరిస్ మరీనా కార్ల మీద పియానోలు పడేయడం ఒక అలవాటైన హాస్యంగా సాగింది. 1971 నుంచి 1980 వరకు ఎనిమిది లక్షలకు పైగా తయారైన ఆ కారు నేడు బ్రిటన్ రోడ్ల మీద చాలా అరుదు. దాన్ని పియానోలు అంతం చేయలేదని నాకూ తెలుసు, తుప్పే చేసింది. కానీ మిగిలిన కాసిని బండ్లను కూడా నవ్వులాటగా చూపించాక, తాత వదిలిపోయిన మరీనాకు డబ్బు ఖర్చు పెట్టి ఫ్లోరు వేయించాలని ఏ మనవడికి అనిపిస్తుంది? అదే కార్యక్రమం వారు బెంట్లీ మీద పియానో పడేయడాన్ని హాస్యంగా అలవాటు చేసుకోలేదన్నది గమనించండి. బీదవారి, మధ్యతరగతి వారి బండ్లే ఎప్పుడూ ఇలా నవ్వులపాలవుతాయి.

ఆ మరీనా మనకు పరాయిది కూడా కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన మన అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను, మరీనాలోని 1.8 లీటర్ల ఇంజను రెండూ బ్రిటన్‌కు చెందిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ-సిరీస్ ఇంజన్ల కుటుంబానివే. దాని తలుపు పిడులనే లోటస్ ఎస్ప్రిట్ వంటి ఖరీదైన కార్లకూ వాడారు కాబట్టి, వాటి యజమానులు కూడా ఆ పియానో దృశ్యాలు చూసి బాధపడి ఉండాలి!

అవసరమైతే బండిని పాడుచేయకుండానే చూపించవచ్చు. 2012 నాటి "స్కైఫాల్" సినిమాలో పేలిపోయిన ఆస్టన్ మార్టిన్ డీబీ5 అసలుది కాదు, మూడో వంతు పరిమాణంలో త్రీడీ ముద్రణతో చేసిన నమూనా. ఖరీదైన బండికి ఆ జాగ్రత్త తీసుకున్నవారు ఉన్నారు. అంబాసిడర్‌కు తీసుకోరు, ఎందుకంటే అసలు బండే నమూనా కంటే చౌక. డెంటర్ అన్నా, షూటింగుకు బాడీ అమ్మే ముందు తలుపులు, డిక్కీ మూత కూడా విప్పి ఉంచుకోవడానికి వీలుపడదా?

ఆటోనగర్ డెంటర్

తలుపులు లేని బండిని వాళ్లు కొనరు తల్లీ. కానీ మంచి తలుపులు తీసుకుని, తుప్పు పట్టిన తలుపులు బిగించి, పుట్టీ కొట్టి ఇవ్వడానికి ఏ అడ్డంకీ లేదు. కెమెరాకు తేడా తెలియదు. ఇకమీదట మా షెడ్డు నుంచి పోయే బాడీలకు అలాగే చేస్తాను.

హనుమకొండ మార్క్‌-2

అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారి మాట ప్రకారం మా బండి ఆర్‌సీ తీసి చూశాను, 50 ఏళ్లు దాటాయి, వీఏ నంబరుకు దరఖాస్తు చేస్తాను. అన్నా, మార్క్‌-2 వెనక ఎడమ తలుపు మీ దగ్గరికి వస్తే, దయచేసి నాకు ముందుగా చెప్పండి.